కోట్ల ఏళ్లిస్తే ప్రాణం దానంతటదే పుడుతుందా?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. సాయంత్రాలు తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఇంటి దగ్గరే ట్యూషన్ చెప్తాను. మొన్న వాళ్లను వడధమ్ ఫాసిల్ పార్కుకు తీసుకెళ్లాను. రాయైపోయిన చెట్టు మొద్దులు చూపించి ఇవి కోట్ల ఏళ్లవి అనగానే ఒక పిల్లవాడు అడిగాడు: 'అన్ని కోట్ల ఏళ్లుంటే ప్రాణం కూడా దానంతటదే పుట్టి ఉంటది కదా టీచర్, మరి దేవుడెందుకు?' నాకు జవాబు తోచలేదు. ఇంటికొచ్చి అడిగితే మా మామగారు 'మట్టిముద్దను వెయ్యేళ్లు వదిలేసినా కుండ కాదు, కుమ్మరి చెయ్యి పడాల్సిందే' అన్నారు. బీఎస్సీ చదివిన మా మరిది 'టైమ్ ఇస్తే ఏదైనా అయితది వదినా, లెక్క అంతే' అన్నాడు. మాటా మాటా పెరిగి ఆ రాత్రి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా అన్నం తిన్నారు. పిల్లలకు ఏం చెప్పమంటారు? ఇద్దరిలో ఎవరిది నిజం?

సమాధానం: టీచర్ గారూ, ముందు మీ మరిది మాట తీసుకుందాం. సైన్సు పేరు మీద జరిగే పొరపాటును సైన్సు చెప్పేవాళ్లే ముందు దిద్దుకోవాలి కదా. 'టైమ్ ఇస్తే ఏదైనా అవుతుంది' అన్నది తప్పు. అయితే ఇది ఆయన పుట్టించిన మాట కాదు. 1954లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో జార్జ్ వాల్డ్ అనే శాస్త్రవేత్త, ప్రాణం పుట్టిన కథకు కాలమే నాయకుడని, చాలినంత కాలం ఉంటే అసాధ్యం అనిపించేది కూడా జరిగి తీరుతుందని రాశాడు. కంటిచూపు మీద చేసిన పనికి 1967లో నోబెల్ అందుకున్న మనిషి. అంత పెద్దాయన అన్నాడు కాబట్టి ఆ మాట ఇన్నేళ్లు చెలామణీ అయింది. ప్రయోగశాలలో ఈ రసాయనాలతో కుస్తీ పట్టేవాళ్లు మాత్రం ఆ మాట మీద ఆధారపడరు. ఎందుకో వంటింట్లోనే చూడొచ్చు.

పటిక బెల్లం చేయాలంటే గ్లాసు నీళ్లలో మూడు గ్లాసుల చక్కెర వేడిమీద కరిగించి, చల్లారాక అందులో దారం వేలాడదీస్తారు. వారం తిరిగేసరికి దారం చుట్టూ గడ్డలు కడతాయి. అదే గ్లాసు నీళ్లలో పావు గ్లాసు చక్కెర వేసి దారం వేలాడదీసి, గిన్నె మీద మూత పెట్టి నెల ఉంచండి. గడ్డ కట్టదు సరికదా, బూజు పడుతుంది, లేదా పులుస్తుంది. రెండో గిన్నెకు కాలం ఎక్కువే ఇచ్చాం. తేడా అంతా పాకం చిక్కదనంలో ఉంది. నీరు పట్టుకోగలిగినదానికంటే ఎక్కువ చక్కెర ఉంటేనే అది దారాన్ని అంటుకుంటుంది. కాలం ఎంత అని అడిగేముందు, ఆ కాలంలో ఏం జరుగుతోంది, ఎంత చిక్కగా, ఎంత వేడిలో అని అడగాలి.

ఇప్పుడు మామగారి పక్షాన ఒక లెక్క. ప్రోటీన్లు అమైనో ఆమ్లాలు దండలా గుచ్చుకుంటే ఏర్పడతాయి. జీవులు వాడే అమైనో ఆమ్లాలు ప్రధానంగా 20 రకాలు. వంద పూసల చిన్న ప్రోటీన్ ఒకటి అనుకుంటే, ఒక్కో చోట 20 రకాల్లో ఏదైనా రావచ్చు కాబట్టి వరుసల సంఖ్య 1 పక్కన 130 సున్నాలు. భూమి పుట్టి ఇప్పటికి గడిచిన సెకన్లు ఎన్ననుకుంటున్నారు? 1 పక్కన 17 సున్నాలు, కాస్త అటూ ఇటూ. మనకు కనిపించే విశ్వం మొత్తంలో ఉన్న ప్రోటాన్లకు సుమారు 80 సున్నాలు. సెకనుకు లక్షల కోట్ల చొప్పున గుడ్డిగా గుచ్చుకుంటూ పోయినా ఒక నిర్ణీత వరుస తగలడానికి 454 కోట్ల ఏళ్లు ఏ మూలకూ సరిపోవు. ఫ్రెడ్ హాయిల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఇలాంటి లెక్కే వేసి 40,000 సున్నాల దాకా వెళ్లాడు. గుడ్డిగా, ఒక్క ఊపులో, ఆ ఒక్క వరుసే రావాలి అంటే మామగారు గెలిచినట్టే.

ఆ వాక్యంలో మూడు షరతులున్నాయి. మూడింటినీ తట్టి చూడాలి. దానికి ఇరవై రూపాయి బిళ్లలు, ఒక స్టీలు డబ్బా చాలు.

మొదటి ఆట: ఇరవై బిళ్లలూ డబ్బాలో వేసి గిలకరించి చాప మీద పోయండి. ఇరవైకి ఇరవై బొమ్మ పడాలి. ఒక్కటి బొరుసు పడినా మొత్తం ఎత్తి మళ్లీ మొదలు. ఇలా పడే అవకాశం 10,48,576లో ఒకటి. ఒక్కో విసురుకు పది సెకన్లనుకుంటే, రాత్రీ పగలూ ఆపకుండా విసిరితే సగటున 121 రోజులు. పిల్లలను ఐదు నిమిషాలు ఆడనిచ్చి విసుగు పుట్టాక ఆపండి. ఆ విసుగు పాఠానికి పనికొస్తుంది.

రెండో ఆట: బొమ్మ పడినవాటిని పక్కన పెట్టేయండి. బొరుసు పడినవే మళ్లీ విసరండి. సగటున ఐదారు విసుర్లలో ఆట అయిపోతుంది. ఒక్కోసారి తొమ్మిది, పది పడతాయి. నాలుగు నెలల పని నిమిషంలో తేలింది. కాలం పెంచలేదు, దొరికింది పోగొట్టుకోకుండా నిలుపుకున్నాం.

ఇక్కడే చాలామంది టీచర్లు గెలిచామనుకుని పాఠం ముగించేస్తారు. ఆగండి. తరగతిలో చురుకైన పిల్ల ఒకతి తప్పకుండా అడుగుతుంది: 'బొమ్మలను పక్కన పెట్టింది మీరే కదా టీచర్?' ఆ ప్రశ్నను దాటేయొద్దు. అది మామగారి కుమ్మరి ప్రశ్నే. ఈ ఆట నిలుపుకుంటే ఏమవుతుందో చూపుతుంది. ఎవరు నిలుపుతారో చూపదు.

ఏరేవాడు లేకుండా ఏరడం జరుగుతుందా? దానికి మీ ఊరి రేవే జవాబు. ప్రాణహిత గోదావరిలో కలిసే చోట, ఎండాకాలం నీరు తగ్గాక ఇసుక తిన్నె మీద నడిచి చూడండి. ప్రవాహం వడిగా తగిలే అంచున గులకరాళ్లు, కాస్త ఎగువన ముతక ఇసుక, నీరు నిలిచే మడుగుల్లో మెత్తటి ఒండ్రు. ఇసుకలో అక్కడక్కడ నల్లటి సన్న చారలు కనిపిస్తే, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి ఆడించండి. ఇనుము కలిసిన బరువైన రేణువులు దానికి అంటుకుంటాయి. ఆ చారను ఎవరూ గీయలేదు. తేలికైనవి నీటితో పోయాయి, బరువైనవి మిగిలాయి. ఈ జల్లెడ ఎవరూ అల్లినది కాదు.

అయినా ఇది సగం జవాబే. నది ఇసుకను వేరు చేస్తుందిగానీ, ఇసుక రేణువు పిల్లలను కనదు. ప్రాణం వైపు కథ మలుపు తిరిగేది ఒక అణువు తన నకలు తీయడం మొదలుపెట్టినప్పుడు. నకలులో చిన్నచిన్న తప్పులు రావాలి, ఆ తప్పుల్లో కొన్ని తొందరగా నకలు కావాలి, లేదా ఎక్కువ కాలం విరగకుండా ఉండాలి. అప్పుడు బొమ్మలను పక్కన పెట్టే చెయ్యి ఆ పోటీయే అవుతుంది. 1967లో అమెరికాలో సోల్ స్పీగల్‌మన్ బృందం దీన్ని గాజుగొట్టంలో చూపింది. ఒక వైరస్ ఆర్‌ఎన్‌ఏను (నాలుగు రకాల రసాయన అక్షరాలు వరుసగా గుచ్చుకున్న దండలాంటి అణువు ఇది), దాన్ని నకలు తీసే ఎంజైమును (రసాయన పనిని నడిపించే ప్రోటీన్), ముడిసరుకును కలిపి, కొంచెం సేపయ్యాక అందులోంచి ఒక చుక్క కొత్త గొట్టంలోకి మార్చారు. అలా 74 సార్లు. ఎవరూ ఏరలేదు. చివరికి ఆ ఆర్‌ఎన్‌ఏ తన పొడవులో 83 శాతం వదిలేసి పొట్టిదై కూర్చుంది, ఎందుకంటే పొట్టివి తొందరగా నకలవుతాయి. ఇందులో ఒక మెలిక పిల్లలకు దాచకండి: ఎంజైమును వాళ్లే వేశారు, అది బతికి ఉన్న బాక్టీరియాలోంచి తీసింది. కాబట్టి నకలు మొదలయ్యాక ఏం జరుగుతుందో ఇది చూపిందిగానీ, నకలు ఎలా మొదలైందో చూపలేదు.

'ఆ ఒక్క వరుసే రావాలి' అన్న షరతు మాటేమిటి? అది కూడా నిలవదు. 1993లో బార్టెల్, షోస్టాక్ అనే ఇద్దరు సుమారు 10 కోట్ల కోట్ల ఆర్‌ఎన్‌ఏ ముక్కలను తీసుకున్నారు. ఒక్కోదానిలో 220 అక్షరాలు గుడ్డిగా పేర్చినవి. మొత్తం కలిపి మిల్లీగ్రాము తూగదు. ఆ గుంపులోంచి రెండు ముక్కలను అతికించే పని చేయగలవి ఉన్నాయా అని పది విడతలుగా వడకట్టారు. ఉన్నాయి, సుమారు 20 లక్షల కోట్లకు ఒకటి చొప్పున. 2001లో కీఫ్, షోస్టాక్ ప్రోటీన్లతో చూశారు. 80 పూసల గుడ్డి వరుసలు 6 లక్షల కోట్లు తీసుకుంటే, ఏటీపీ అనే అణువును పట్టుకునేవి నాలుగు రకాలు దొరికాయి. వడకట్టులో జారిపోయేవాటిని కూడా కలుపుకుని వాళ్లు వేసిన అంచనా సుమారు 10 వేల కోట్లకు ఒకటి. 80 పూసల వరుసలు మొత్తం 1 పక్కన 104 సున్నాలు కదా, పనికొచ్చేది ఒక్కటే అయితే చిటికెడు పొడిలో దొరికేదే కాదు. తాళం ఒకటే అయినా దాన్ని తెరిచే చెవులు బోలెడున్నాయన్నమాట. హాయిల్ లెక్కలో జారిన మెట్టు ఇది.

ఇక కాలం గురించి ఎవరూ పెద్దగా చెప్పని సంగతి. మీ మరిదికి ఇదే వినిపించండి. రసాయనాల విషయంలో కాలం కట్టే చెయ్యి మాత్రమే కాదు, కూల్చే చెయ్యి కూడా. ఆర్‌ఎన్‌ఏ వెన్నులో ఉండే చక్కెర పేరు రైబోజ్. దాన్ని 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మామూలు నీళ్లలో ఉంచితే 73 నిమిషాలకు సగం పాడైపోతుంది. పొద్దున ఆరింటికి కిలో వేస్తే సాయంత్రం ఆరింటికి మిగిలేది ఒక గ్రాము. సైటోసిన్ అనే ఆర్‌ఎన్‌ఏ అక్షరం అదే వేడిలో 19 రోజులకు సగమవుతుంది. మరి సున్నా డిగ్రీల దగ్గర? రైబోజ్ సగమవడానికి 44 ఏళ్లు, సైటోసిన్‌కు 17,000 ఏళ్లు. మరిగే సముద్రాన్ని కోటి ఏళ్లు కాచినా పొయ్యి మీద మరిచిపోయిన చారులాంటిదే మిగులుతుంది. పైగా ఈ పూసలు దండగా గుచ్చుకోవాలంటే ప్రతి ముడి దగ్గరా ఒక నీటి అణువు బయటికి పోవాలి. చుట్టూ నీళ్లే ఉంటే ముడి పడటం కష్టం, విడిపోవడం తేలిక. అందుకే నడిసముద్రం కన్నా, ఎండి మళ్లీ తడిసే వేడి గుంటల మీద కొందరు, సముద్రం అడుగున క్షారపు నీళ్లు ఊరే రాతి చిమ్నీల మీద కొందరు నమ్మకం పెట్టుకున్నారు. ఈ రెండు వర్గాలకూ పడదు. రెండిట్లోనూ ఉన్న ఆలోచన ఒకటే: సరుకు చిక్కబడాలి, శక్తి ఆగకుండా అందాలి, ఏర్పడింది విరిగేలోపు తర్వాతి మెట్టు పడాలి. మా అంచనాలో ఈ కథ నడిచి ఉంటే, కోట్ల ఏళ్లు కాచుకుని కూర్చున్న ఒక చోట నడిచి ఉండదు. ఒకేసారి లక్షల గుంటల్లో, రోజుల్లో, ఏళ్లలో తేలే ప్రయత్నాలుగా నడిచి ఉండాలి. కాలం ఇచ్చింది ఆ ప్రయత్నాల లెక్కను.

పిల్లలకు మిల్లర్ ప్రయోగం బొమ్మ పుస్తకంలో ఉండే ఉంటుంది. షికాగోలో 1953లో హెరాల్డ్ యూరీ దగ్గర చదువుకుంటున్న స్టాన్లీ మిల్లర్ ఒక చిన్న ఫ్లాస్కులో నీళ్లు మరిగిస్తూ, ఐదు లీటర్ల పెద్ద ఫ్లాస్కులోని మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్‌ల గుండా మెరుపులు పోనిచ్చాడు. ఒక రోజుకు నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి, వారానికి చిక్కటి ఎరుపు. అందులో గ్లైసిన్, అలనిన్ లాంటి అమైనో ఆమ్లాలు దొరికాయి. ఆయన దాచిన పాత సీసాల్ని 2008లో కొత్త యంత్రాలతో పరీక్షిస్తే, వాటిలో ఒక ప్రయోగానివి 22 అమైనో ఆమ్లాలు తేలాయి. 1969లో ఆస్ట్రేలియాలో మర్చిసన్ దగ్గర పడిన ఉల్కలో కూడా పదుల రకాలు ఉన్నాయి, కాబట్టి ఇటుకలు దొరకడం వింత కాదు. అయితే 'మిల్లర్ ప్రాణం పుట్టించాడు' అని మాత్రం చెప్పకండి. ఆయన వాడిన గాలి తొలి భూమి గాలిలా ఉండకపోవచ్చని తర్వాత చాలామంది తేల్చారు. వచ్చిన సరుకులో ఎక్కువ భాగం తారులాంటి జిగురు. పైగా అమైనో ఆమ్లాలు ఎడమ కాలి చెప్పు, కుడి కాలి చెప్పులా రెండు తీరులుగా ఉంటాయి. మిల్లర్ ఫ్లాస్కులో రెండూ సమానంగా వచ్చాయి, జీవుల ప్రోటీన్లలో దాదాపు అన్నీ ఎడమవే. ఆ ఏరివేత ఎలా జరిగిందన్నది ఇంకా తేలని లెక్క. ఎంజైము సాయం లేకుండా పొడవైన నకలు తీయడం, ఆ నకలును ఒక పొరలో బంధించి పొరతో సహా రెండుగా చీలడం, ఇవి కూడా అంతే. మట్టి, నీరు, గాలితో మొదలుపెట్టి బతికే కణం దాకా మొత్తం దారిని ఇంతవరకు ఎవరూ నడిచి చూపలేదు. ఈ వాక్యాన్ని పిల్లలతో నోట్సులో రాయించండి.

తొలి సముద్రమే రసాయనాల చారై అందులో ప్రాణం మొదలైందన్న ఈ 'వేడి పలచటి చారు' ఊహను 1924లో రష్యాలో ఒపారిన్, 1929లో ఇంగ్లండులో హాల్డేన్ విడివిడిగా ప్రతిపాదించారు. ఆ హాల్డేన్ 1957లో మన దేశానికొచ్చి, భారత పౌరుడై, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పోయాడు. ఆయన ముందే రాసిచ్చిన ప్రకారం శరీరాన్ని వైద్య విద్యార్థుల కోసం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి అప్పగించారు. ప్రాణం ఎలా పుట్టిందని అడిగిన మనిషి చివరికి తెలుగు పిల్లలకు పాఠం అయ్యాడు. ఇది మీ పిల్లలకు చెప్పండి, పేరు మరిచిపోరు.

మీ పార్కు దగ్గర జరిగే ఒక పొరపాటు కూడా దిద్దాలి. ఆ మొద్దుల వయసు కార్బన్ డేటింగ్‌తో కనుక్కున్నారని చెప్పేవాళ్లుంటారు. కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్లకు సగమవుతుంది. 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి దాదాపు ఏమీ మిగలదు. వడధమ్ చెట్లు జురాసిక్ కాలానివి, అంటే 20 కోట్ల నుంచి 14.5 కోట్ల ఏళ్ల నడుమవి. పోచంపల్లి అనే ఊరి దగ్గర తవ్విన బరపాసారస్ డైనోసార్ కూడా ఆ కాలపు రాళ్లలోదే. ఇంత పాత రాళ్లకు గడియారం యురేనియం. జిర్కాన్ అనే గట్టి రవ్వ పుట్టేటప్పుడు యురేనియంను లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి లోపల ఇప్పుడు కనిపించే సీసం, యురేనియం మెల్లగా విచ్ఛిన్నమై మారగా వచ్చిందే. యురేనియం-238 సగమవడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235కు 70 కోట్లు. ఒకే రవ్వలో రెండు గడియారాలు. రాయి మధ్యలో బాగా వేడెక్కితే సీసం కారిపోయి వయసు తక్కువ చూపుతుంది, కానీ అప్పుడు రెండు గడియారాలూ ఒకే టైము చూపవు, దొంగ దొరికిపోతాడు. ఉల్కల్లోని సీసంతోనే క్లెయిర్ ప్యాటర్సన్ 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్లని తేల్చాడు. ఇప్పుడు 454 అంటున్నాం. ఒడిశాలో చంపువా దగ్గర 424 కోట్ల ఏళ్ల జిర్కాన్ రవ్వ దొరికింది. ఆస్ట్రేలియాలో దొరికింది 440 కోట్లది.

మామగారి తోటివాళ్లలో ఎవరో ఒకరు 'బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల ఏళ్లు, మనవాళ్లకు ముందే తెలుసు' అంటారు. అంకెలు దగ్గరగా ఉన్న మాట నిజమే. అయితే కల్పం లెక్క యుగాలను గుణించి వచ్చింది, ఇది సీసం తూచి వచ్చింది. ఒకదానికి ఇంకొకటి సాక్ష్యం కాదు. వాదన పెంచకుండా వదిలేయండి. 1650లో ఆర్చిబిషప్ అషర్ బైబిలు వంశావళులు కూడి క్రీస్తుపూర్వం 4004లో సృష్టి జరిగిందన్నాడు, దానికీ ఇదే మాట.

మరి దేవుడు? మామగారి కుండ వాదం చిన్నదేం కాదు. న్యాయ దర్శనం అనే ప్రాచీన తర్కశాస్త్రంలో ఈశ్వరుణ్ణి నిరూపించడానికి వాడిన వాదమే అది. దాన్ని కాదన్నవాళ్లలో వేదాన్ని ప్రాణంగా నమ్మిన మీమాంసకులున్నారు. కుండకూ కణానికీ తేడా ఒక్కచోట ఉంది. కుండ కుండను కనదు. కుండలు పిల్లకుండలను పెట్టి, కారేవి ముందే పగిలిపోయి, గట్టివి మళ్లీ పెడుతూ పోతే, పదివేల తరాల తర్వాతి కుండను చూసి కుమ్మరి ఎవరని అడగడం అంత తేలిక కాదు. కానీ ఆ మొదటి పిల్లపెట్టే కుండ మాటేమిటి అని మామగారు అడిగితే, ఆ ప్రశ్న ఇంకా బతికే ఉంది, ఒప్పుకోండి. పిల్లలు మరాఠీ పుస్తకంలో ఉత్క్రాంతి అని చదివేది, మనం జీవపరిణామం అనేది, నకలు మొదలయ్యాక జరిగిన కథ. అది బలంగా రుజువైంది. ప్రాణం పుట్టుక దానికి ముందు అధ్యాయం, అందులో ఖాళీలున్నాయి. రెండిటినీ కలిపేస్తే రెండు వైపులవాళ్లూ తప్పుగా గెలుస్తారు.

ఆ ఖాళీల్లో దేవుణ్ణి కూర్చోబెట్టమని మాత్రం మామగారికి సలహా ఇవ్వం. 1828 దాకా శరీరంలో తయారయ్యే పదార్థం ప్రాణశక్తి లేకుండా తయారు కాదని చాలామంది అనుకునేవారు. ఆ ఏడాది వోలర్ అనే జర్మన్ శాస్త్రవేత్త అమోనియం సయనేట్ అనే లవణంలోంచి యూరియా తీశాడు. అప్పటిదాకా ఆ మాట మీద దేవుణ్ణి నిలిపినవాళ్లకు కిందున్న పీట లాగినట్టయింది. ఇటు మరిదికీ అంతే. రేపు ఎవరైనా దారి మొత్తం నడిచి చూపినా, అది ఎలా జరిగిందో చెబుతుంది. ఆ నియమాలు అసలెందుకున్నాయన్నది గాజుగొట్టంలో తేలే ప్రశ్న కాదు. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో లెక్క కట్టిన జార్జ్ లెమైత్ర్ క్యాథలిక్ ఫాదరే. తన సిద్ధాంతాన్ని దేవుడికి రుజువుగా వాడటం ఆయనకు నచ్చేది కాదు. మీకు ఎదురుగా గోదావరి అవతల కాళేశ్వరంలో కాలుడూ ముక్తీశ్వరుడూ ఒకే పానవట్టం మీద ఉన్నారు, ఒకరినొకరు తోసుకోవడం లేదు. ఇది వాదన కాదు, మామగారితో మాట కలపడానికి మాత్రం పనికొస్తుంది.

పిల్లలతో చేయించడానికి ఒక ప్రయోగం. ఇడ్లీ పిండిలో మనం ఏమీ కలపకుండానే పొంగుతుంది కదా, అక్కడ ప్రాణం దానంతటదే పుట్టిందా అని అడగండి. సగం మంది అవునంటారు. రెండు గాజు సీసాల్లో వంద మిల్లీలీటర్ల చొప్పున పెసరకట్టు పోయండి. ఒకదానికి గట్టి దూది బిరడా పెట్టి, దూది తడవకుండా పైన అల్యూమినియం రేకు చుట్టండి. రెండోది తెరిచి ఉంచండి. ప్రెషర్ కుక్కరులో అడుగున నీళ్లు పోసి, రెండింటినీ ఆవిరి పట్టాక 20 నిమిషాలు ఉంచండి. సీసాకు స్క్రూ మూత బిగించి పెట్టొద్దు, పగులుతుంది. పూర్తిగా చల్లారాకే తీయండి. రెండు, మూడు రోజులకు తెరిచిన సీసా మసకబారి పైన పొర కడుతుంది, బిరడా సీసా తేటగానే ఉంటుంది. పిండిలోనిది మినప్పప్పు మీద ఉన్న సూక్ష్మజీవుల పని.

ఇక్కడ తప్పు జరిగేదెక్కడో ముందే చెప్తున్నాం. మామూలు గిన్నెలో పది నిమిషాలు మరిగించి ఊరుకుంటే బిరడా సీసా కూడా పాడవుతుంది, పిల్లలు 'చూడండి టీచర్, ప్రాణం పుట్టింది' అంటారు. కొన్ని బాక్టీరియాల బీజాలు 100 డిగ్రీలకు చావవు. 1870ల్లో జాన్ టిండాల్ ఎండుగడ్డి కషాయంతో ఇదే తిప్పలు పడి, రోజుల తరబడి విడతలుగా కాచి వాటిని చంపే పద్ధతి కనుక్కున్నాడు. కుక్కరులో ఒత్తిడి వల్ల వేడి 120 డిగ్రీల దగ్గరికి పోతుంది కాబట్టి మీకు ఆ తిప్పలు తప్పుతాయి. పదో రోజున రెండు సీసాలనూ మళ్లీ కుక్కరులో పెట్టి, చల్లారాక పారబోయండి. అంతవరకు మూత తీసి వాసన చూడనివ్వకండి.

పాశ్చర్ 1860ల్లో హంసమెడ ఫ్లాస్కులతో తేల్చింది ఇదే. 'ప్రాణం ప్రాణంలోంచే వస్తుందని పాశ్చర్ రుజువు చేశాడు, ఇక చర్చేముంది' అని మామగారి తరఫున ఎవరైనా అంటే, ఆయన చూపింది వారాల్లో, నేటి గాలిలో, చచ్చిన జీవుల చారులో సూక్ష్మజీవులు దానంతటవే పుట్టవని. ప్రాణవాయువు లేని తొలి భూమి మీద రసాయనాలు ఏం చేశాయో ఆ ఫ్లాస్కులు చెప్పవు. ఇప్పుడు కొత్తగా ఏదైనా గుంటలో మొదలవబోయినా, ఉన్న బాక్టీరియాలు దాన్ని అక్కడే తినేస్తాయి. డార్విన్ 1871లో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఈ సంగతి అన్నాడు.

చివరగా నవారు. మంచాలకు అల్లే నూలు నవారు 45 మీటర్ల 40 సెంటీమీటర్లు కొలిచి తీసుకోండి. సాగే తాడు వద్దు, లెక్క తప్పుతుంది. మీటరుకు 10 కోట్ల ఏళ్లు, సెంటీమీటరుకు 10 లక్షలు. ఒక కొస భూమి పుట్టుక, రెండో కొస ఈరోజు. ఈరోజు కొస నుంచి వెనక్కి కొలిస్తే 66 సెంటీమీటర్ల దగ్గర డైనోసార్లు అంతరించాయి, 1.45 నుంచి 2.01 మీటర్ల మధ్య మీ వడధమ్ అడవి, 24 మీటర్ల దగ్గర గాలిలో ప్రాణవాయువు పేరుకోవడం మొదలు. ఇప్పుడు భూమి కొసకు వెళ్లి, అక్కడి నుంచి 10.6 మీటర్ల దగ్గర ఎర్ర రిబ్బను కట్టండి. ఆస్ట్రేలియాలోని పిల్బరా రాళ్లలో 348 కోట్ల ఏళ్లనాటి సూక్ష్మజీవుల పొరల ఆనవాళ్లు ఉన్నాయి, అంటే ఆపాటికే ప్రాణం ఉంది. తొలి రోజుల్లో భూమి కరిగిన రాయి, సముద్రాలు నిలవడానికి ఒక మీటరో, రెండు మీటర్లో పోయి ఉంటుంది. కాబట్టి 'కోట్ల కోట్ల ఏళ్లు' అనుకున్నది తొమ్మిది, పది మీటర్లకు వచ్చి ఆగింది, అసలు జరిగింది అంతకన్నా చాలా తక్కువలో కావచ్చు.

సెలవు రోజు చూసి బడి మైదానంలో పరచండి. భూమి కొస మీ మరిది చేతికివ్వండి. ఎర్ర రిబ్బను దగ్గర మామగారిని నిలబెట్టండి. వాళ్లిద్దరి మధ్య ఉన్న నవారు ముక్క గురించే ఆ పిల్లవాడు అడిగింది.